ఉక్కపోతలో వాన: తేలికపాటి రెయిన్‌కోటు ఎంచుకోవడం, నా అనుభవం

రెయిన్ జాకెట్ లేబుల్ మీద రెండు అంకెలుంటాయి. మొదటిది నీటి ఒత్తిడిని ఎంతవరకు ఆపుతుందనేది. 10,000 మి.మీ. అని ఉంటే పది మీటర్ల ఎత్తు నీళ్ల బరువు పడేదాకా బట్టలోంచి చుక్క దిగదని. రెండోది చదరపు మీటరు బట్టలోంచి 24 గంటల్లో ఎన్ని గ్రాముల చెమట ఆవిరి బయటికి పోతుందనేది. మొదటిదాన్ని చూసి కొంటాను. రెండోదాన్ని గుంటూరు, బెజవాడల్లో వాడేవాటికైతే పట్టించుకోను.

ఎందుకంటే ఆవిరి దానంతటది బయటికి పోదు. లోపలికీ బయటికీ తేమలో తేడా ఉండాలి. హిమాలయాల్లో ఐదు డిగ్రీల చలిలో ఆ తేడా బోలెడంత. జూలైలో కొండపల్లి అడవిలో 29 డిగ్రీల వేడి, 90 శాతం తేమ ఉన్నప్పుడు ఆవిరి ఎటు పోతుంది? ఎంత ఖరీదైన పొరైనా చేతులెత్తేస్తుంది. పైగా ఆ అంకెను కంపెనీలన్నీ ఒకే పద్ధతిలో కొలవవు. ఒకరి 15,000కీ ఇంకొకరి 15,000కీ పొంతన ఉండదు.

అందుకే మన వాతావరణంలో ముందు చూడాల్సింది గాలి ఆడే దారి. జాకెట్ అయితే చంకల కింద జిప్పు తప్పనిసరి, కనీసం ఒక జాన పొడవు. అంతకంటే నాకు నచ్చేది పొంచో, అంటే తల దూర్చుకుని దుప్పటిలా వేసుకునే వానకోటు. పొలాల్లో యూరియా సంచి ఒక మూలను లోపలికి నెట్టి తలమీద వేసుకుంటారు చూడండి, దాని గుట్టంతా కింద తెరిచి ఉండటంలోనే ఉంది. పొంచో అదే పని కాస్త నాజూగ్గా చేస్తుంది, వీపున ఉన్న బ్యాగునీ కప్పేస్తుంది. సిలికాన్ పూత వేసిన నైలాన్‌ది సుమారు 250 నుంచి 300 గ్రాములు. గాలివాన వస్తే మాత్రం తెరచాపలా లేస్తుంది కాబట్టి నడుం దగ్గర కట్టుకోవడానికి రెండు మీటర్ల సన్నతాడు జేబులో ఉండాలి. ముళ్లపొదల్లో నడిచేవాళ్లకు పొంచో పనికిరాదు, జాకెట్టే వేసుకోవాలి.

జాకెట్లలో రెండున్నర పొరలది, మూడు పొరలది అని రెండు రకాలు తగులుతాయి. రెండున్నర పొరల దానికి లోపల పూత మీద సన్నటి ప్రింటు మాత్రమే ఉంటుంది. 250 గ్రాములకే వస్తుంది గానీ చెమటపట్టిన చేతికి అతుక్కుపోతుంది. మూడు పొరల దానికి లోపల మెత్తటి అల్లిక బట్ట ఉంటుంది, 350 నుంచి 450 గ్రాములు. బరువు లేబుల్ చూసి నమ్మకండి, అది తరచు ఎం సైజు బరువు. వంటింటి కాటా మీద పెట్టి చూడండి.

జాకెట్ బట్ట చేసే చప్పుడు సంగతి వేటగాళ్లు ఎక్కువగా పట్టించుకుంటారు. మన దగ్గర వన్యప్రాణి సంరక్షణ చట్టం వల్ల వేట మాట లేదు గానీ, గుంటూరు దగ్గరి ఉప్పలపాడు పక్షుల కేంద్రంలో గూడబాతుల దగ్గర కెమెరా పట్టుకు కూర్చునేవాళ్లకు ఇదే ఇబ్బంది. షాపులో రెండు చేతుల గుడ్డా ఒకదానికొకటి రుద్ది చూడండి. చిప్స్ ప్యాకెట్‌లా కరకరమంటే పక్కన పెట్టేయండి.

బెజవాడ బీసెంట్ రోడ్డులో వేలాడదీసే బండి రెయిన్‌కోట్లు పీవీసీవి. ప్యాంటుతో కలిపి కిలో దాకా బరువు, లోపల ఆవిరి స్నానం. బండి మీద ఎదురుగాలికి సరిపోతాయి, కొండ ఎక్కడానికి కాదు.

కొన్నాక ఇంట్లోనే పరీక్ష పెట్టాలి. లేత రంగు కాటన్ చొక్కా మీద జాకెట్ వేసుకుని, మెడ దగ్గర, భుజాల మీద, ప్రధాన జిప్పు వెనక టిష్యూ కాగితం ముక్కలు పెట్టి, షవర్ కింద పది నిమిషాలు నిలబడాలి. ఎక్కువగా కారేది బట్టలోంచి కాదు, కుట్లలోంచి. లేబుల్ మీద అన్ని కుట్లకూ టేపు (కుట్టు రంధ్రాలు మూసేలా లోపల అతికించే పట్టీ) ఉందని రాసి ఉండాలి. ముఖ్యమైన కుట్లకే అని ఉంటే చంక, నడుం దగ్గర వదిలేసినట్టే. తర్వాత వానలేని రోజున అదే జాకెట్ వేసుకుని అపార్ట్‌మెంట్ మెట్లు అరగంట ఎక్కిదిగితే, లోపలి తడిలో చెమట వాటా ఎంతో తెలిసిపోతుంది. ఈ రెండో పరీక్ష చేయకుండానే చాలామంది జాకెట్ కారుతోందని తిరిగిచ్చేస్తారు.

సిలికాన్ నైలాన్ పొంచోకు టేపు అతకదు. హార్డ్‌వేర్ షాపులో దొరికే పారదర్శక సిలికాన్ ఒక వంతు, మినరల్ టర్పెంటైన్ రెండు మూడు వంతులు కలిపి, పలచటి బ్రష్షుతో కుట్ల మీద రాసి రాత్రంతా ఆరనివ్వాలి. కిటికీలు తెరిచి చేయండి, ఘాటుగా ఉంటుంది. ఆరాక కొంచెం టాల్కం పౌడర్ చల్లితే మడతలు అతుక్కోవు.

బట్టపై నీళ్లు బొట్లుగా జారకుండా పట్టేసి రంగు ముదిరితే, పైపూత అరిగిందనో జిడ్డు పట్టిందనో అర్థం. కారుతోందని కాదు. ఫ్లోరిన్ రసాయనాలు లేని కొత్త పూతలు ఇంకా తొందరగా జిడ్డు పట్టేస్తాయి. మామూలు డిటర్జెంటు, మెత్తదనం కోసం పోసే ద్రవం రెండూ వద్దు. వాటర్‌ప్రూఫ్ బట్టల కోసమే అమ్మే ద్రవంతో ఉతికి, రెండుసార్లు జాడించి, లేబుల్ ఒప్పుకుంటే పైన పల్చటి గుడ్డ వేసి ఆవిరి లేకుండా తక్కువ వేడి ఇస్త్రీ చేయాలి. పైపూత మళ్లీ పనిచేస్తుంది.

బ్యాగు పైన వేసే కవరును ఒక్కదాన్నే నమ్ముకోవద్దు. వీపు వైపు నుంచి నీళ్లు దిగుతూనే ఉంటాయి. బియ్యం బస్తా లోపల వచ్చే మందపాటి ప్లాస్టిక్ సంచిని బ్యాగు లోపల పరిచి, బట్టలు దానిలో పెట్టి మూతి మెలిపెడితే చాలు.

దాచేటప్పుడు తడిగా మడిచి బండి డిక్కీలో వదిలేస్తే పాలీయురేథేన్ పూత మన వేడికీ తేమకీ విడిపోతుంది. లోపల జిగటగా అయ్యి, పొట్టు రాలి, ఒక రకమైన పుల్లటి వాసన వస్తుంది. అప్పుడు బాగుచేయడం ఉండదు. నీడలో పూర్తిగా ఆరబెట్టి, వదులుగా హ్యాంగరుకు తగిలించాలి.