తిరుపతిలో రెండు 'తి'లు

నా యూకేజీ క్లాసులో ఒక బాబు అ నుంచి ఱ వరకు గడగడా అప్పజెప్పేస్తాడు, చూడకుండా రాసేస్తాడు కూడా. ఒకరోజు బోర్డు మీద 'ప' ఒక్కటే రాసి ఇదేంటి నాన్నా అని అడిగితే, గోడ మీది చార్టు దగ్గరికి పరుగెత్తి, క దగ్గర వేలు పెట్టి, ఒక్కొక్కటే పైకి చదువుకుంటూ ప దాకా వచ్చి అప్పుడు చెప్పాడు. నాకు ప్రాణం ఉసూరుమంది. వాడికి వచ్చింది వరుస, అక్షరం కాదు.

అప్పటి నుంచి వరుసను పక్కన పెట్టేశాను. మా ఊళ్లో అక్షరాలకు కొదవేముంది, స్కూలుకొచ్చే దారిలో ఏ బస్సు చూసినా తిరుమల, తిరుచానూరు, అలిపిరి. వాటికే చప్పట్లు కొట్టిస్తున్నాను. తి-రు-మ-ల, నాలుగు చప్పట్లు, నాలుగు అక్షరాలు. నోటికి ఎన్ని ముక్కలుగా వస్తే పలక మీద దాదాపు అన్నే అక్షరాలు ఉండడం తెలుగులో పిల్లలకున్న పెద్ద వరం (సున్నాలూ పొల్లులూ తర్వాతి సంగతి). ఇంగ్లీషులో అలా కుదరదు, 'క్యాట్' అని ఒక్క చప్పట్లో అయిపోయే మాటకు మూడు అక్షరాలు, పైగా 'సి' అని నేర్పిన అక్షరాన్ని అక్కడ 'క' అని పలకాలి. అందుకే రెండింటినీ ఒకే పద్ధతిలో నేర్పకూడదంటాను.

రాత విషయంలో తల్లిదండ్రులకు ఒక్క మాట. ఎల్‌కేజీ పిల్లలకు మణికట్టు ఎముకలు ఇంకా పూర్తిగా గట్టిపడి ఉండవు. పెన్సిల్‌ని పిడికిలితో పట్టుకుని కాగితం చిరిగేలా నొక్కుతుంటే కొట్టకండి, దయచేసి. చపాతీ పిండి ముద్ద ఇవ్వండి, పిసకనివ్వండి, పళ్లెంలో బియ్యం పోసి వేలితో దిద్దించండి. రోజుకు నాలుగు పేజీల హోంవర్క్ ఎందుకివ్వరని అడుగుతారు గానీ, ఒకప్పుడు నేనూ ఇచ్చాను, ఆ పేజీల వల్ల చెయ్యి నొప్పి తప్ప చదవడం రాలేదు.

మొన్న ఆ బాబే పలక మీద 'తిపతి' అని రాసి తెచ్చాడు. "మిస్, తిరుపతిలో రెండు 'తి'లు ఉన్నాయి, ముందొకటి వెనకొకటి!" అది నేను చెప్పింది కాదు, వాడే కనిపెట్టాడు. తప్పని అనలేదు, చప్పట్లు కొట్టమన్నాను. నాలుగు కొట్టాడు, అక్షరాలు లెక్కపెట్టాడు, మళ్లీ కొట్టాడు. బలపం అడిగి తీసుకుని తి-కీ ప-కీ మధ్య ఉన్న కాస్త సందులో చీమంత 'రు' ఇరికించాడు.