బ్రిక్స్‌టన్ జైలుకు రెండుసార్లు

"దేశం యుద్ధంలో ఉన్నప్పుడు ప్రభుత్వాన్ని తప్పుపట్టేవాణ్ని జైల్లో పెడితే తప్పేముంది సార్?" అని ఈ రోజు పాఠం మధ్యలో ఒక విద్యార్థి లేచి అడిగాడు. అప్పటికి నల్లబల్ల మీద బ్రిటిష్ తత్వవేత్త బెర్ట్రాండ్ రసెల్ పేరు, పక్కన 1918 అన్న సంవత్సరం మాత్రమే ఉన్నాయి.

ఇంగ్లండులో సమ్మె చేసే కార్మికులను బెదిరించడానికి అమెరికా సైన్యాన్ని వాడే అవకాశం ఉందని ఒక చిన్న పత్రికలో రాసినందుకు రసెల్‌కు ఆ ఏడాది, మొదటి ప్రపంచ యుద్ధం సాగుతుండగా, లండన్‌లోని బ్రిక్స్‌టన్ జైల్లో ఆరు నెలల శిక్ష పడింది. అంతకుముందే, 1916లో, నిర్బంధ సైనిక సేవను నిరాకరించిన యువకుడి పక్షాన కరపత్రం రాసినందుకు జరిమానా పడగా, కేంబ్రిడ్జిలోని ట్రినిటీ కళాశాల ఆయనను కొలువు నుంచి తొలగించింది.

నన్ను ఎక్కువగా ఆలోచింపజేసేది ఆ తర్వాతి జీవితం. ఆనాటి యుద్ధాన్ని అంతగా వ్యతిరేకించిన మనిషే హిట్లర్‌పై యుద్ధాన్ని సమర్థించాడు. 1949లో ఆర్డర్ ఆఫ్ మెరిట్ అనే ఉన్నత పురస్కారంతో సత్కరించిన రాజ్యమే, 1961లో, అణ్వాయుధాలకు వ్యతిరేకంగా ఉద్యమించినందుకు, 89 ఏళ్ల ఆ వృద్ధుణ్ని వారం రోజులపాటు మళ్లీ బ్రిక్స్‌టన్ జైలుకే పంపింది.

తత్వవేత్త చేసే ఇటువంటి విమర్శ సమాజానికి ఆరోగ్యకరమేనని నేను గట్టిగా నమ్ముతున్నాను. ఆయన చెప్పిందల్లా సరైనదని కాదు. రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక సోవియట్ యూనియన్‌ను అణుబాంబుతో బెదిరించైనా దారికి తేవాలన్న ఆయన వాదన నాకు ఇప్పటికీ భయం కలిగిస్తుంది. అయితే ఆ వాదనను ఎవరైనా స్వేచ్ఛగా ఖండించగలిగారు. 1916లో ప్రభుత్వాన్ని ఖండించినవారికి మాత్రం జరిమానాలు, జైళ్లు ఎదురయ్యాయి.