లక్నవరంలో బోదురుకప్పలు

చల్వాయి దగ్గర పెద్ద రోడ్డు వదిలి బుస్సాపూర్ వైపు తిరిగేసరికి వాన పట్టుకుంది. ములుగు జిల్లాలోని లక్నవరం చెరువును చూడవలసిన కాలం ఇదే. కాకతీయ గణపతిదేవుడి కాలంలో, 13వ శతాబ్దంలో, గుట్టల నడుమ కట్ట వేసి నిలిపిన నీళ్లివి. మునగని గుట్టల తలలే ఇప్పుడు దీవులు. వేలాడే వంతెన గురించి ఇప్పటికే చాలామంది రాశారు కాబట్టి దాన్ని దాటేస్తున్నాను.

అసలు సంబరం ఆయకట్టు మడుల్లో ఉంది. సాయంత్రం వాన తెరిపి ఇవ్వగానే బోదురుకప్పలు అందుకున్నాయి. మిగతా కాలమంతా మట్టిరంగులో ఎవరి కంటా పడని మగకప్ప, జత కట్టే ఈ కొద్ది రోజులు నిగనిగలాడే పసుపు రంగుకు మారుతుంది. దవడల కింద రెండు నీలి సంచులు ఉబ్బుతాయి. ఆడకప్ప కదిలిందంటే చాలు, మగవన్నీ ఒకదాని మీద ఒకటి పడి కుస్తీ పడతాయి. ఆ గోలలో పక్క మనిషి మాట వినబడదు.

గట్టు మీద పార ఆనించి నిలబడ్డ రైతు, "ఇవి ఉన్న మడిలో పురుగు తక్కువ సార్" అన్నాడు. కాళ్ల మాంసం ఎగుమతి కోసం ఒకప్పుడు వీటినే టన్నుల కొద్దీ పట్టేవారు. 1987లో కేంద్రం ఆ ఎగుమతిని నిషేధించింది. వాన మొహం చాటేసిన ఏడాది రోకలికి కప్పను కట్టి, వేపమండలతో ఇల్లిల్లూ తిరిగి నీళ్లు పోయించుకునే కప్పతల్లి ఆట ఈ పల్లెలకు కొత్త కాదు.

నాతో వచ్చిన మిత్రుడు చాలాకాలం పోర్ట్‌బ్లెయిర్‌లో పనిచేశాడు. అతని ముఖంలో మాత్రం ఉత్సాహం లేదు. అండమాన్‌లో ఈ కప్ప అతిథి కాదు, ఆక్రమణదారు. చెరువుల్లో వదిలే చేపపిల్లలతో కలిసి అక్కడికి చేరిందని పరిశోధకుల అంచనా. దీని తోకకప్పలు అక్కడి కప్పల తోకకప్పలను తినేస్తాయి. పెద్దవి కోడిపిల్లలను కూడా మింగుతున్నాయని ఊళ్లలో మొర.

అదే దీవుల్లో చార్లెస్ డార్విన్ పేరు మోస్తున్న చిన్న కప్ప ఒకటుంది. 1998లో శాస్త్రలోకానికి పరిచయమైంది. నీళ్లు నిలిచిన చెట్టు తొర్రే దానికి పురిటిల్లు. తొర్ర లోపలి గోడకు తలకిందులుగా అతుక్కుని, నీటికి పైన గుడ్లు పెడుతుంది. గుడ్లు పగిలాక పిల్లలు కిందికి జారి నీళ్లలో పడతాయి. అడవి తరిగి తొర్రలు కరువైన చోట, నర్సరీ మొక్కల ప్లాస్టిక్ సంచుల్లో నిలిచిన నీళ్లను కూడా అది ఆశ్రయిస్తోందట. అంత అవస్థలో ఉన్నదానికి పొరుగున మన బోదురుకప్ప దిగడం నాకు అన్యాయంగానే తోచింది, మడిలో దాన్ని చూసి మురిసిపోయినవాణ్ణి నేనే అయినా.

మర్నాడు పొద్దున కట్ట దగ్గర ఆటో ఆగింది. చెరువులో వదలడానికి చేపపిల్లల సంచులు దించుతున్నారు. మిత్రుడు గబగబా వెళ్లి ఒక సంచిని వెలుతురుకు ఎత్తి పట్టి పరిశీలనగా చూడసాగాడు.

"బొచ్చె, రవ్వ తప్ప ఇంకేమీ లేవు సార్" అన్నాడు మత్స్యకారుడు, కొంచెం చిన్నబుచ్చుకుని. "కావాలంటే ఆ రెండోది కూడా చూడండి."

మిత్రుడు ఆ రెండోది కూడా చూశాడు.