మీ ఇప్పటి జీతం ఎంత?

ఉద్యోగం మారదామనుకున్నప్పుడు నన్ను అన్నిటికన్నా ఎక్కువ ఆలోచింపజేసిన ప్రశ్న ఇదే. దీనికి ఒక అంకె చెప్పామా, ఇక బేరమంతా దాని చుట్టూనే తిరుగుతుంది. కొత్త పనికి ఎంత ఇవ్వాలన్న మాట పక్కకు పోయి, పాత జీతం మీద ఎంత శాతం పెంచాలన్న లెక్క మొదలవుతుంది. పాత చోట తక్కువ ఇచ్చి ఉంటే ఆ కోత మనతో పాటే కొత్త ఆఫీసులో అడుగుపెడుతుంది.

అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రంలో 2018 నుంచి, ఉద్యోగం ఖాయం చేయకముందు ఈ ప్రశ్న అడగకూడదు. ఐరోపా సమాఖ్య 2023లో ఇచ్చిన ఆదేశం కూడా పాత జీతం అడగవద్దనే చెబుతోంది. నన్ను పిలిచిన కంపెనీకి ఇలాంటి చట్టాలేవీ వర్తించవు కాబట్టి జవాబు నేనే సిద్ధం చేసుకోవాల్సి వచ్చింది.

జవాబుకన్నా ముందు అంకె కావాలి. వెబ్‌సైట్లు చూస్తే ఒకే పోస్టుకు కనిష్ఠానికీ గరిష్ఠానికీ రెట్టింపు తేడా ఉంది. ఇక మిగిలింది తోటివాళ్ళను అడగడమే. ఆడవాళ్ళ వయసు, మగవాళ్ళ జీతం అడగకూడదంటారు. ఆడవాళ్ళ జీతం సంగతి మాత్రం ఎవరూ చెప్పలేదు. "మీకెంత ఇస్తున్నారు?" అంటే ఎవరైనా నోరు మూసుకుంటారు. "ఈ పనికి, ఇంత అనుభవానికి ఎంత అడిగితే సబబు?" అంటే మాత్రం చాలామంది ఉత్సాహంగా చెప్పారు. బాగా నమ్మకమున్న ఒకరిద్దరికి ముందు నా జీతమే చెప్పాను.

వాళ్ళలో ఒకాయన, క్యాంటీన్‌లో మా బల్ల దగ్గర ఎవరూ లేకపోయినా అటూ ఇటూ చూసి, చేతిలోని కాగితం రుమాలు మీద అంకె రాసి చూపించి, వెంటనే నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకున్నారు. అది నా జీతంకన్నా బాగా ఎక్కువ. చేసేది ఒకటే పని, పైగా ఆయన నా తర్వాత చేరారు. కోపం రాలేదంటే అబద్ధం. లిల్లీ లెడ్‌బెటర్ గుర్తొచ్చారు. అమెరికాలో ఒక టైర్ల కర్మాగారంలో ఏళ్ళ తరబడి పనిచేశాక, ఎవరో పేరు లేకుండా రాసిపెట్టిన చీటీ చూసి, తనతో సమానమైన మగవాళ్ళ జీతాలు ఎక్కువని ఆమె తెలుసుకున్నారు. వివక్ష జరిగిన 180 రోజుల్లోగా ఫిర్యాదు చేయలేదని 2007లో సుప్రీంకోర్టు ఆమెకు వ్యతిరేకంగా తీర్పు చెప్పింది. తెలియని సంగతి మీద గడువులోగా ఫిర్యాదు చేసేదెలా? 2009లో ఆమె పేరుతోనే చట్టం మారింది. జీతాల గోప్యత అందరి మంచికేనని మా మేనేజర్లు చెప్పేవారు. అందరి అంకెలూ ఎదురుగా పెట్టుకున్నవాళ్ళకు ఆ మాట చెప్పడం తేలికే.

మానవ వనరుల విభాగం నుంచి ఫోన్ చేసినావిడ మూడో మాటగానే ఆ ప్రశ్న అడిగారు. "ఈ పోస్టుకు మీరు ఎంతవరకు అనుకున్నారో చెబితే, కుదురుతుందో లేదో ఇద్దరికీ ఇప్పుడే తెలుస్తుంది" అన్నాను. ఆ గడి నింపకపోతే ఫారం ముందుకు కదలదన్నారు. అబద్ధపు అంకె చెప్పే ఉద్దేశం నాకు లేదు, తర్వాత పే స్లిప్పులు అడుగుతారు కూడా. "అయితే నేను ఆశిస్తున్న జీతం రాసుకోండి" అని, నేను అనుకున్న అంకె, దానికి ఒకే ఒక్క కారణం చెప్పి ఆగాను. అవతల నిశ్శబ్దం. "కొంచెం అటూ ఇటూ అయినా పరవాలేదు" అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. నీళ్ళ సీసా మూత తిప్పుతూ కూర్చున్నాను. చివరికి ఆవిడే "మా పరిధిలో పైఅంచు అది, మాట్లాడి చెబుతాను" అన్నారు.

ఆఫర్ లెటర్‌లో మొత్తం నేను అడిగినంతా ఉంది. లోపలికి వెళ్ళి చూస్తే అందులో అయిదో వంతు కంపెనీ లాభాలను బట్టి ఇచ్చేది. బీమా ప్రీమియం, పదవీ విరమణ నిధికి కంపెనీ కట్టే వాటా కూడా జీతంలోనే కలిపేశారు. నెలనెలా ఖాతాలో పడేదెంతో లెక్కవేస్తే పాత జీతానికి కాస్త పైన తేలింది. ఆ లెక్కంతా మెయిల్‌లో పెట్టి, లాభాలతో ముడిపెట్టిన భాగాన్ని స్థిర జీతంలో కలపమన్నాను. సగానికి ఒప్పుకుని, మిగతా సగానికి బదులు చేరేటప్పుడు బోనస్ ఇస్తామన్నారు. బోనస్ ఒక్కసారే వస్తుంది, వచ్చే ఏడాది పెంపు దాని మీద లెక్కకట్టరు. పైగా ఏడాదిలోపు మానేస్తే మొత్తం తిరిగి కట్టాలని కింద చిన్న అక్షరాల్లో ఉంది. పనిచేసిన నెలలు తీసేసి మిగిలిన నెలలకే కట్టేలా మార్చమని అడిగితే ఫోన్‌లోనే సరేనన్నారు. ఆ మార్పు లెటర్‌లోకి ఎక్కాకే సంతకం చేసి, పాత చోట రాజీనామా ఇచ్చాను.