సబ్‌వూఫర్ కొనకుండానే కారులో బేస్ తెచ్చుకున్నాను

నాది 2014 మోడల్ చిన్న కారు. సెకండ్ హ్యాండ్‌లో తీసుకున్నాను. కంపెనీ పేరు ఎందుకులెండి, ఆ ధరలో వచ్చే కార్లన్నిటిలోనూ స్పీకర్ల సంగతి దాదాపు ఇంతే. ఇంజిన్‌కి గానీ ఏసీకి గానీ వంక పెట్టలేం. పాట పెడితే మాత్రం పక్కింటి టీవీ గోడ అవతల నుంచి వినపడినట్టు ఉండేది. కాస్త సౌండ్ పెంచితే డోర్ ప్యానెల్ గడగడలాడేది. ఉప్పల్ నుంచి గచ్చిబౌలి దాకా రోజూ వెళ్ళి రావాలంటే ఎంత సేపు కారులో కూర్చోవాలో హైదరాబాద్ వాళ్ళకి చెప్పక్కర్లేదు. ఆ టైములో నేను వినేది ఎక్కువగా ఇళయరాజా. ఆయన పాటలో అడుగున గుమ్మనే బేస్ గిటార్ వినపడలేదంటే సగం పాట విననట్టే. అందుకని పదిహేను వేలు పక్కన పెట్టుకుని బయల్దేరాను.

మొదట వెళ్ళింది ఒక కార్ యాక్సెసరీస్ షాపుకి. నేను సౌండ్ అన్నాను, ఆయన స్క్రీన్ చూపించాడు. తొమ్మిది అంగుళాల ఆండ్రాయిడ్ స్టీరియో, వెనక ట్రేలో కోడిగుడ్డు ఆకారం స్పీకర్లు, డిక్కీలో బేస్ ట్యూబ్ (గొట్టం ఆకారం సబ్‌వూఫర్, అంటే బేస్ కోసమే పెట్టే పెద్ద స్పీకర్), అన్నీ కలిపి ప్యాకేజీ. "నాలుగు వేల వాట్స్ అన్నా, గల్లీ మొత్తం ఊగుతది" అన్నాడు. నాకు గల్లీతో పనిలేదు. పైగా ఆ లెక్క కుదిరేది కాదు. మామూలు స్టీరియోకి అందేది బ్యాటరీ వోల్టేజీయే, ఇంజిన్ నడుస్తుంటే 14 వోల్టుల చిల్లర. 4 ఓమ్స్ స్పీకర్‌కి ఆ వోల్టేజీతో లెక్క కడితే ఒక్కో ఛానెల్‌కి, అంటే ఒక్కో స్పీకర్‌కి, 20 వాట్ల దగ్గర ఆగిపోతుంది. డబ్బా మీద రాసే 50 గుణించు 4 అనేది పీక్ లెక్క, క్షణం పాటు కూడా గట్టిగా నిలబడదు. మనం చూడాల్సింది ఆర్‌ఎంఎస్, అంటే ఆగకుండా ఇవ్వగల పవర్, అని రాసి ఉన్న అంకె. అది ఎక్కడా రాయలేదంటే ఆ డబ్బా కింద పెట్టేయొచ్చు.

అప్పటికే కొంత చదివి ఉన్నాను కాబట్టి ఒక నిర్ణయానికి వచ్చాను. స్టీరియో కంపెనీదే ఉంచేయడం, డబ్బులన్నీ ముందు రెండు డోర్ల మీద పెట్టడం. వినేది ముందు కూర్చున్నవాళ్ళం. గాయకుడు ఎదురుగా ఉండాలి గానీ వీపు వెనక కాదు కదా.

స్పీకర్లు కోఠి గుజరాతీ గల్లీలో తీసుకున్నాను. స్పీకర్లు, ఆంప్లిఫయర్లు, వైర్లు వరసగా దొరికే చోటు అది. రెండు మూడు షాపులు తిరిగి ధర కనుక్కున్నాకే కొనాలి. 6.5 అంగుళాల కాంపోనెంట్ సెట్, 5,800 రూపాయలు. కోయాక్సియల్ అయితే సన్నటి సౌండ్ ఇచ్చే ట్వీటర్, బేస్ ఇచ్చే వూఫర్ మధ్యలోనే కూర్చుని ఉంటుంది, అంటే మన మోకాలి దగ్గర. కాంపోనెంట్‌లో ట్వీటర్ విడిగా వస్తుంది, అద్దం పక్కన ఉండే ముక్కోణపు ప్లాస్టిక్‌లో పెట్టుకుంటే పాట మోకాళ్ళ నుంచి డ్యాష్‌బోర్డు మీదికి లేస్తుంది. కొనేటప్పుడు నేను పట్టుబట్టి చూసింది సెన్సిటివిటీ. ఒక వాటుకి 92 డెసిబెల్స్ ఇచ్చే స్పీకర్, 89 ఇచ్చేదానికన్నా సగం పవర్‌తోనే అంత సౌండ్ ఇస్తుంది. మూడు డెసిబెల్స్ తేడా అంటే రెట్టింపు వాట్స్. ఆంప్ (స్పీకర్లకి పవర్ పెంచి ఇచ్చే ఆంప్లిఫయర్) లేకుండా కొన్నాళ్ళు నడపాలనుకునేవాళ్ళు వాట్స్ కంటే ఈ అంకే ముందు చూడాలి.

అసలు పని డోర్‌లో. దీన్ని గురించి షాపుల్లో ఎవరూ మాట్లాడరు, ఎందుకంటే ప్యానెల్ మూసేశాక బయటికి కనపడేది ఏమీ ఉండదు. స్పీకర్ ముందుకి ఎంత గాలిని తోస్తుందో వెనక్కీ అంతే తోస్తుంది, కానీ తిరగబడి. వెనక గాలి డోర్ రేకులో ఉన్న పెద్ద పెద్ద కంతల్లోంచి ముందుకి వచ్చి కలిస్తే రెండూ ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. ముందు పోయేది బేసే. ఇంట్లో స్పీకర్‌కి చెక్క పెట్టె ఉంటుంది, కారులో ఆ పెట్టె డోరే. దానికేమో కంతలు, పల్చటి రేకు, మీద ఒక పాలిథిన్ కాగితం. అందులో ఎంత ఖరీదైన స్పీకర్ పెట్టి ఏం లాభం?

ఆదివారం మా బావమరిదిని పిలిచి ఇద్దరం ఇంటి ముందే మొదలుపెట్టాం. ప్యానెల్ స్క్రూలు తీశాక క్లిప్పులు లాగడానికి ప్లాస్టిక్ పట్టీ వాడాలి, స్క్రూడ్రైవర్ పెడితే గీతలు పడతాయి. పాత కారు క్లిప్పులు కొన్ని ఎలాగూ విరుగుతాయి, ముందే పది తెచ్చి పెట్టుకుంటే టెన్షన్ ఉండదు. పాలిథిన్ కాగితం పీకి, నల్ల జిగురు తుడిచి, రేకుని సర్జికల్ స్పిరిట్‌తో శుభ్రం చేశాం. దుమ్ము ఉంటే రేకు అదురుని ఆపే డ్యాంపింగ్ షీట్ అంటదు.

ఆ షీట్లు బ్యూటైల్ రబ్బరువే తీసుకోవాలి. తారు షీట్లు చవక. కానీ మే నెలలో ఎండలో నిలిపిన కారులో అవి మెత్తబడి జారిపోతాయి, ఆ వాసనా పోదు. ముక్కు దగ్గర పెట్టుకుంటే తేడా తెలిసిపోతుంది. బయటి రేకుకి మొత్తం అంటించాల్సిన పనిలేదు. మధ్యలో పావు వంతు మేర, ముఖ్యంగా స్పీకర్ వెనక అంటించి రోలర్‌తో గట్టిగా నొక్కితే చాలు, వేలితో కొడితే టంగుమన్న రేకు డబ్ అంటుంది. లోపలి రేకు కంతలు మాత్రం పూర్తిగా మూసేయాలి. మూసేముందు అద్దం పైకీ కిందికీ నడిపి చూడండి. స్పీకర్ మాగ్నెట్‌కీ దించిన అద్దానికీ మధ్య ఎడం ఉందో లేదో కూడా అప్పుడే తేలాలి. డోర్ అడుగున చిన్న రంధ్రాలు ఉంటాయి, వాటి జోలికి వెళ్ళకూడదు. అద్దం పక్కనుంచి దిగిన వాన నీళ్ళు పోయేది వాటిలోంచే. ఆ నీళ్ళ వల్లే స్పీకర్ కింద పెట్టే రింగ్ కూడా ఎండీఎఫ్ చెక్కది కాకుండా ప్లాస్టిక్‌ది తీసుకున్నాను. ఎండీఎఫ్ తడిస్తే ఉబ్బిపోతుంది. ఇంకో మాట, షీటు మీది అల్యూమినియం రేకు అంచు బ్లేడులా ఉంటుంది. గ్లవ్స్ వేసుకోమంటే మా బావమరిది వినలేదు, సాయంత్రానికి వేళ్ళకి మూడు బ్యాండ్ ఎయిడ్లు.

ఆ రాత్రి కంపెనీ స్టీరియోతోనే పెట్టి విన్నాం. ఇరవై వాట్లు కూడా లేని ఆ స్టీరియో నుంచే బేస్ గిటార్ నోట్ నోట్‌గా విడివిడిగా వినపడింది. డోర్ వేస్తే వచ్చే చప్పుడు కూడా మారింది, అదొక బోనస్. నిజానికి అక్కడితో ఆపేసినా సరిపోయేది. సౌండ్ పెంచినప్పుడు గొంతు కీచుగా అవుతోందని ఆ తర్వాతి నెల చిన్న ఆంప్ పెట్టించాను, ఛానెల్‌కి 50 వాట్స్ ఆర్‌ఎంఎస్. హై లెవెల్ ఇన్‌పుట్ ఉన్నది చూసి తీసుకుంటే స్టీరియో మార్చక్కర్లేదు, స్పీకర్ వైర్ల నుంచే సిగ్నల్ తీసుకుంటుంది.

ఈ పని బయట ఎలక్ట్రీషియన్‌తో చేయించాను. బ్యాటరీ దగ్గర ఫ్యూజ్ పెట్టమంటే, "ఆంప్‌కే ఫ్యూజ్ ఉంటది గదన్నా" అన్నాడు. ఆంప్‌లో ఉన్నది ఆంప్‌ని కాపాడుతుంది. బ్యాటరీ నుంచి లోపలికి వచ్చే వైరు ఎక్కడైనా ఒరుసుకుని బాడీకి తగిలితే దాన్ని ఆపేది బ్యాటరీ పక్కన ఉన్న ఫ్యూజే. అది లేకపోతే వైరు కాలుతుంది, దానితో పాటు కారూ. దగ్గరుండి బ్యాటరీకి జానెడు దూరంలో పెట్టించాను. వైరు కూడా రాగిదే అడగాలి. చవక కిట్లలో అల్యూమినియం తీగకి పైపైన రాగి పూత ఉంటుంది. ఒక పోగు బ్లేడుతో గీరితే లోపల తెల్లగా బయటపడుతుంది.

ఇంటికి తెచ్చాక రెండు తలనొప్పులు బయటపడ్డాయి. యాక్సిలరేటర్ తొక్కినకొద్దీ స్పీకర్లలో కుయ్‌మని సన్నటి ఈల. చూస్తే ఎర్త్ వైరు స్క్రూ పెయింట్ మీదే బిగించి ఉంది. పెయింట్ గీకి, తెల్ల రేకు కనపడ్డాక బిగిస్తే ఈల ఆగింది.

రెండోది పట్టుకున్నది మా నాన్న. ఊరి నుంచి వచ్చినప్పుడు ముందు సీట్లో కూర్చుని ఘంటసాల పాటలు పెట్టమన్నారు. కాసేపు విని, "ఏంట్రా, గొంతు అటూ ఇటూ చెదిరిపోతోంది, ఆయన ఎక్కడ నిలబడి పాడుతున్నాడో తెలియట్లేదు" అన్నారు. నేను సెట్టింగులు కుదరలేదనుకుని కొట్టుకుంటున్నాను, ఆయన ఒక్క ముక్కలో రోగం చెప్పేశారు. ఆ పాత రికార్డులు మోనో, రెండు స్పీకర్లకీ ఒకటే సిగ్నల్ వెళ్తుంది. కాబట్టి గొంతు సరిగ్గా మధ్యలో, డ్యాష్‌బోర్డు మీద నిలబడాలి. చెదిరిందంటే ఒక స్పీకర్‌కి ప్లస్, మైనస్ తారుమారైనట్టే. ఒకటి ముందుకి తోస్తుంటే రెండోది వెనక్కి లాగుతుంది, బేస్ కూడా చచ్చిపోతుంది. ఆంప్ దగ్గర వైర్లు విప్పి గడియారం సెల్, అదే 1.5 వోల్టుది, ఒక్కో స్పీకర్‌కి తగిలించి చూశాను. ఎడమది ముందుకి ఉబికింది, కుడిది లోపలికి పోయింది. కుడి వైర్లు రెండూ తిప్పి బిగించాను. నాన్న మళ్ళీ అదే పాట పెట్టించుకుని, "ఇప్పుడు సరిగ్గా ఉంది" అన్నారు. స్పీకర్లు మార్చిన ఎవరైనా ముందు ఒక పాత మోనో పాట పెట్టి చూసుకోండి, ఏ యాప్ అక్కర్లేదు.

ఆంప్ మీద ఉండే గెయిన్ అనేది వాల్యూమ్ కాదు, స్టీరియో సిగ్నల్‌కి ఆంప్‌ని సరిపెట్టే నాబ్, దాన్ని చెవితో పెట్టకండి. 50 వాట్స్‌ని 4 ఓమ్స్‌తో గుణించి వర్గమూలం తీస్తే 14.1 వోల్టులు. స్పీకర్లు విప్పి, స్టీరియో వాల్యూమ్ ముప్పాతిక దగ్గర ఉంచి, 100 హెర్ట్జ్ టోన్ పెట్టి, మల్టీమీటర్‌లో ఏసీ 14 వోల్టులు చూపించేదాకా తిప్పి వదిలేశాను. కింది సౌండ్‌ని ఆపేసే హై పాస్ ఫిల్టర్ 60 హెర్ట్జ్ దగ్గర. అంతకన్నా కింది సౌండ్ ఈ సైజు స్పీకర్ ఎలాగూ ఇవ్వలేదు, ఊరికే కొట్టుకుంటుంది. బేస్ బూస్ట్ ఆఫ్.

స్పీకర్లు 5,800, షీట్లు 1,900, రింగులు 500, ఆంప్ 5,000, వైర్లూ ఫ్యూజూ 1,500, ఎలక్ట్రీషియన్‌కి 1,500. మొత్తం 16,200. అనుకున్నదానికి పన్నెండు వందలు ఎక్కువైంది. వెనక స్పీకర్లు పాతవే, సౌండ్‌ని ముందు వెనక స్పీకర్లకి పంచే ఫేడర్ కాస్త ముందుకి జరిపాను, పిల్లలకి ఆ మాత్రం చాలు. అవుటర్ రింగ్ రోడ్డు మీద స్పీడ్ పెరిగాక టైర్ల మోత కింది బేస్‌ని ఇంకా మింగేస్తోంది. సీటు కింద పట్టే సన్న సబ్‌వూఫర్ పెడితే అదీ వినపడుతుందేమో గానీ, టైర్లు ఎలాగూ అరిగిపోయాయి, ముందు వాటి సంగతి చూడాలి. బేస్ ట్యూబ్ మాత్రం ఎప్పటికీ పెట్టను. సంక్రాంతికి ఊరెళ్ళి వచ్చేటప్పుడు అమ్మ వేసే బియ్యం బస్తాకి డిక్కీలో చోటుండాలిగా.