పెన్సిల్ గీతలు

"నాటకాలు వేసేవారా? ఏదీ, ఒక డైలాగ్ చెప్పండి" అన్నాడు ఇవాళ ఇంటర్వ్యూలో ఒకాయన. ఉద్యోగమేమో ఈవెంట్ ఆపరేషన్స్‌లో.

వేయలేదండీ, నడిపించాను అన్నాను. స్టేజ్ మేనేజర్ అంటే తెర లాగే మనిషి అనుకున్నట్టున్నాడు. (మా అమ్మ కూడా అంతే.)

బ్యాగులోంచి పాత ప్రాంప్ట్ బుక్ (నాటకం నడిపించడానికి నేను గుర్తులు రాసుకునే స్క్రిప్టు) తీసి ముందు పెట్టా. డైలాగుల పక్కనే లైట్ క్యూ 47 (అంటే లైటు ఎప్పుడు మారాలో చెప్పే గుర్తు), సౌండ్ క్యూ 12, ఎవరు ఎటువైపు నుంచి రావాలి, కుర్చీ కాలు ఏ టేపు గుర్తు మీద పడాలి, అన్నీ.

"పెన్సిల్‌తోనే ఎందుకు?"

"రిహార్సల్ రిహార్సల్‌కీ మారిపోతాయండీ."

ఒక పేజీ దగ్గర ఆగాడు. '47 ఆపు. చెప్పు తెగింది' అని నా రాతే, వంకరటింకరగా. ఆ రోజు హీరోయిన్ స్టేజి పక్క తెరల చాటున చెప్పు విడిచేసి, ఒట్టి కాళ్లతో వెళ్లేదాకా హెడ్‌సెట్‌లో అందర్నీ స్టాండ్‌బైలోనే, అంటే నా మాట కోసం సిద్ధంగా, ఉంచాను. తర్వాత 'గో' అన్నాను. ప్రేక్షకులకు ఏమీ తెలియలేదు.

"కంగారు పడలేదా?"

"పడ్డాను. గొంతులో తెలియనివ్వలేదు."

ఆయన డైలాగ్ సంగతి మళ్లీ ఎత్తలేదు.

రెజ్యూమెలో దీన్ని 'కమ్యూనికేషన్ స్కిల్స్' అని రాసుకున్నా. చదువుకుంటే నాకే నవ్వొచ్చింది. ఇంకో మంచి మాట ఉంటే చెప్పండి, మార్చుకుంటా.