ముప్పై ఐదు డాలర్ల ముంగురులు

లైటు తీసేసి పడుకున్నదాన్ని మళ్ళీ లేచొచ్చి కూర్చున్నా. కారణం చెప్తే నవ్వుతారు, నవ్వితే నవ్వండి. మధ్యాహ్నం భోజనాలకి వచ్చినవాళ్ళలో ఒకమ్మాయి, పేరెందుకులెండి, ప్లేటు పట్టుకుని హాల్లో ఆ మూల నుంచి ఈ మూలకి వినపడేలా "అక్కా, విగ్గు భలే సెట్టయింది మీకు!" అంది. పొగడ్తే పాపం. కానీ నిజంగా సెట్టయితే అది విగ్గని దానికెలా తెలిసింది? చీర బాగుందంటే సంతోషం, గాజులు బాగున్నాయంటే సంతోషం, విగ్గు బాగుందంటే మాత్రం దొరికిపోయినట్టే. పైగా నేను "థాంక్యూ రా" అని కూడా అన్నా. అప్పట్నుంచీ గుచ్చుతూనే ఉంది.

నా జుట్టు సంగతి మళ్ళీ ఎత్తను, థైరాయిడ్ వల్ల ఊడిపోయిన రామాయణం అంతా ఇంతకుముందు ఇక్కడే రాశాగా.

ఈ విగ్గు కొని మూడు వారాలు. ఆఫీసులో మా పక్క సీటావిడ తీసుకెళ్ళింది, డికేటర్ వైపు ఒక బ్యూటీ సప్లై కొట్టుకి. అట్లాంటాలో పదకొండేళ్ళుగా ఉంటూ ఆ కొట్లో ఎప్పుడూ అడుగు పెట్టలేదు నేను, మనం పటేల్ వాళ్ళ ఇండియన్ సరుకుల కొట్టు దాటి ఎక్కడికెళ్తాం గనక. గోడ పొడుగునా పైదాకా తలకాయలు, అన్నిటికీ జుట్టు, నాకొక్కదానికే లేదన్నట్టు అన్నీ కిందకి చూస్తున్నాయి. పెట్టి చూసుకోవాలంటే ముందు మేజోడు గుడ్డలాంటి టోపీ ఒకటి డబ్బులిచ్చి కొనుక్కోవాలి. కొన్నాక వాపసు లేదని కౌంటరు మీద పెద్దక్షరాలతో రాసి పెట్టారు. రంగులకి పేర్లు కాదు నంబర్లు. మనది నల్లజుట్టేగా అని నేను 1 నంబరు పట్టుకుంటే ఆవిడ చేతిలోంచి లాగేసింది, అది సిరా నలుపు, ఎండలో నీలంగా కొడుతుందట, మన జుట్టుకి దగ్గరగా ఉండేది 1బి అట. నిజమే, రెండూ పక్కపక్కన పెడితే 1 నంబరుది పాత సినిమాలో హీరో గారి విగ్గులా ఉంది.

ఆవిడ విగ్గు చూసే పద్ధతి మాత్రం చూసి తీరాలి. పైన జుట్టు అసలు చూడదు. తీసుకోగానే తిరగేస్తుంది, పిల్లాడి చొక్కా కుట్లు చూసినట్టు. ముందు వైపు లేసు అనే సన్నటి వల మీద ఒక్కో పోగూ చేత్తో ముడేసి ఉంటుంది, వెనకంతా మిషను మీద కుట్టిన వరసలు. లేసు ఎంత లోతు ఉందో అక్కడ చూడాలి. 13 బై 4 అంటే ఈ చెవి నుంచి ఆ చెవికి 13 అంగుళాలు, నుదుటి నుంచి వెనక్కి 4 అంగుళాలు, అంతమేరా పాపిట ఎటు కావాలంటే అటు తీసుకోవచ్చు. టీ పార్ట్ అని ఇంకోటి ఉంటుంది, అందులో నుదురంచున సన్నటి పట్టీ, మధ్యలో పాపిట గీత, అంతే, ఇంగ్లీషు టీ అక్షరంలా. పాపిట ఒక్క సెంటీమీటరు పక్కకి జరిపామా లోపల కుట్లు కనపడతాయి. రెండిటి కవర్ల మీదా లేస్ ఫ్రంట్ అనే రాస్తారు. నాది రెండో రకం. ఆవిడ చెప్పింది కూడా, నేనే ముప్పై ఐదు డాలర్లు చూసి సంబరపడ్డా.

ఇంకా చాలా చెప్పిందిలే. లేసుని అరచెయ్యి వెనక్కి తిప్పి దానిమీద పరచి చూడాలి, చర్మంలో కలిసిపోతే మంచిది, గీసుకుంటే దోమతెర. (నాది దోమతెర. కవరు మీద మాత్రం హెచ్‌డీ అని రాసుంది, టీవీ అనుకున్నారేమో.) కొట్లో ట్యూబులైటు కింద అన్నీ బాగానే ఉంటాయి కాబట్టి ఫోన్లో ఫ్లాష్ వేసి ఫొటో తీయాలి, ప్లాస్టిక్ నిగారింపు ఉంటే తెల్లగా మెరిసి బయటపడిపోతుంది. మెరుపు కొద్దిగానే ఉంటే పౌడరు అద్దుకుని చంపేయొచ్చు. అన్నిటికన్నా ముఖ్యం మెడ వెనక భాగం. సింథటిక్ ముందు చచ్చేది అక్కడే, జాకెట్టు కాలరుకి రాసుకుని రాసుకుని చిక్కుపడి పీచైపోతుంది, అందుకే రోజూ పెట్టుకుంటే మూడు నాలుగు నెలల కంటే రాదని ముందే చెప్పేసింది.

ఇంత విన్నాక కూడా నేను కొన్నది ఎలా కొన్నానంటే, అద్దంలో ముందు వైపు చూసుకుని కొన్నా. మెడ మీద పడేలా కుదురుగా, అలలు అలలుగా. ఇరవై రెండేళ్ళప్పటి నా మొహం ఒక్క క్షణం కనపడిందిలెండి, తర్వాత కళ్ళజోడు పెట్టుకున్నా.

మొదటి సోమవారం లిఫ్టులో ఎవరో తెలియని పిల్ల "మీ హెయిర్‌కట్ ఎక్కడ చేయించారండీ" అని అడిగింది. ఆ రోజంతా బాగుంది.

ఇక ఇవాళ్టి సంగతి. పన్నెండు మందికి బిర్యానీ, అవెన్లో దమ్ము పెట్టా 350 డిగ్రీల ఫారెన్‌హీట్ మీద. జనం వచ్చేలోపు తయారైపోదామని విగ్గు పెట్టేసుకుని, చీర కట్టేసుకుని, ఉడికిందో లేదో చూద్దామని అవెన్ తలుపు తీసి వంగా. అంతే. మొహం మీదకి వేడి గాలి ఒక్కసారి కొట్టింది, నేను వెనక్కి జరిగా, ఏం కాలేదనుకున్నా. మా ఆయనే "ఏంటే, ముందు జుట్టు అలా అయింది" అన్నాడు. బాత్రూంలోకెళ్ళి చూసుకుంటే కుడి వైపు రెండు పాయలు నేతిలో వేయించిన సేమ్యాలా అయ్యాయి. వేలితో ముట్టుకుంటే గరగరలాడుతూ, దువ్వెన దిగదు. బయట బెల్లు మోగుతోంది. తీసేస్తే లోపల నా అసలు తల ఆముదం రాసి ముడేసి ఉంది, దాంతో బయటికి రాలేను. ఆ రెండు పాయలూ పక్కకి నెట్టి పిన్ను పెట్టేశా. పిన్ను పెట్టగానే ఏమైంది, అప్పటిదాకా వాటి వెనక దాక్కున్న లేసు అంచు బయటపడింది, తెల్లగా. అదీ ఆ పిల్ల చూసింది. ఇప్పుడర్థమైందా.

సరే, మరి 400 డిగ్రీల దాకా తట్టుకుంటుందని రాసి అమ్మినవాళ్ళని ఏమనాలి? కర్లింగ్ ఐరన్ కూడా వాడుకోవచ్చన్నారు, 350కే ఇలా సేమ్యా అయిపోతే ఇంక ఆ అంకె ఎందుకు వేసినట్టు. ఎవరూ అడగరనే కదా. మనలాంటివాళ్ళు ముప్పై ఐదు డాలర్ల కోసం వినియోగదారుల కోర్టుకి వెళ్ళరనే కదా. ఇలా ఒక పేరా తిట్లు రాసుకుని, ఫొటో పెడదామని లేచి వెళ్ళి అల్మారాలోంచి కవరు తీసుకొచ్చా.

కవరు మీద 400 లేదు.

రెండు వైపులా చూశా, కళ్ళజోడు పెట్టుకుని చూశా. వెనకాల చిన్నక్షరాల్లో వేడి తగలనివ్వొద్దు, చల్లనీళ్ళతో ఉతకాలి అని ఉంది. 400 అని రాసుంది దాని పక్కనే వేలాడుతున్న యాభై ఐదు డాలర్లదాని మీద. ఆ అంకె అక్కడ చదివి, ఇది కొనుక్కుని ఇంటికొచ్చేశానన్నమాట. తిట్ల పేరా తీసేశా. కొంచెం బాధగానే తీశా, బాగా కుదిరింది. దోమతెరని హెచ్‌డీ అన్నందుకు మాత్రం ఒక లైను ఉంచుకున్నా, ఆ హక్కు నాకుంది.

సేమ్యా అంటే గుర్తొచ్చింది, మా నాయనమ్మ సవరం. అద్దం పక్క మేకుకి వేలాడుతుండేది, చిన్నప్పుడు రాత్రిళ్ళు దాన్ని చూస్తే భయం నాకు. పొద్దున స్నానం అయ్యాక నేలమీద కాళ్ళు చాపుకు కూర్చుని, సవరం పైన కట్టిన తాడుని కుడికాలి బొటనవేలికి తగిలించి, ఇంకో చివర ఎడమచేత్తో లాగి పట్టుకుని దువ్వేది, వీణ వాయించుకుంటున్నట్టు. అది అసలు జుట్టుది. ఎవరి జుట్టో కూడా తెలుసు మాకు, ఎందుకంటే ఇంట్లో ఆడవాళ్ళందరికీ ఊడిన జుట్టు ఉండచుట్టి ఆవిడ హార్లిక్స్ సీసాలో వేయాలని రూలు. సీసా రెండు మూడు సార్లు నిండితే సవరాలు కట్టే ఆవిడ వచ్చి పట్టుకెళ్ళి కట్టి తెచ్చేది. మా అమ్మది, మా మేనత్తలది, ఆవిడది అన్నీ కలిసి ఉండేవి అందులో, మధ్యమధ్యలో ఎర్రగా ఉన్నది మా పెద్దత్తదని మా అమ్మ వెక్కిరించేది.

నేను నాలుగో క్లాసులో ఉన్నప్పుడు స్కూల్లో డాన్సుకి పొడుగు జడ కావాలన్నారు. ఆ శివరాత్రికి కోటప్పకొండ తిరనాళ్ళకి వెళ్ళాం, ప్రభలు చూడ్డానికి, నాకు ప్రభలకంటే సవరాల కొట్టే ఎక్కువ గుర్తుంది. గాజులు, రిబ్బన్లు, ఒక కర్రకి బారుగా సవరాలు. కొట్టువాడు అసలు జుట్టమ్మా, మా ఆవిడ మీద ఒట్టు అంటున్నాడు. నాయనమ్మ ఏం మాట్లాడకుండా ఒక వెంట్రుక పీకి, అక్కడే వెలుగుతున్న అగరొత్తి నిప్పుకి ఆనించింది. అసలు వెంట్రుకైతే కమురు వాసన వేసి, చివర వేళ్ళతో నలిపితే పొడైపోతుంది. ఇది ఆ కమురు వాసన లేకుండా ముడుచుకుపోయి చివర చిన్న ఉండ కట్టింది, ఆవగింజంత. చల్లారాక ఆ ఉండని రెండు వేళ్ళ మధ్య దొర్లించి వాడి మొహం ముందు పెట్టి "ఏరా అబ్బాయ్, మీ ఆవిడ తలకి ఇట్టాంటి పూసలు కాస్తాయా?" అంది. చుట్టూ ఉన్నవాళ్ళంతా నవ్వారు, వాడూ నవ్వాడు.

ఈ కథ నేను ఎన్నోసార్లు చెప్పా, మా నాయనమ్మని ఎవరూ మోసం చేయలేరని చెప్పుకోడానికి. ఇవాళ రాస్తుంటే ఎప్పుడూ చెప్పని రెండో సగం గుర్తొచ్చింది. నవ్వులయ్యాక ఆవిడ ఆ నైలాన్ సవరమే కొనింది. వాడు చెప్పిన దాంట్లో సగానికి బేరమాడి, నైలానుకి నైలాను ధర ఇస్తా తీసుకో అని. అంటే ఆ నిప్పు పరీక్ష వద్దనడానికి కాదు, రేటు తేల్చుకోడానికి. డాన్సులో ఆ జడ ఊడిపోలేదు. తర్వాత రెండేళ్ళు మా ఊళ్ళో ఎవరి పిల్ల డాన్సుకైనా అదే వెళ్ళింది.

దాంతో నా లెక్క మారిపోయింది. ఇందాకటిదాకా ఛీ, ఈసారి అసలు జుట్టుదే కొనేస్తా అనుకుంటున్నా. అదే కొట్లో అద్దాల బీరువాలో ఉంది, ఇండియన్ టెంపుల్ హెయిర్ అని చీటీ అంటించి, ఎనిమిది వందల యాభై. మన కళ్యాణకట్ట జుట్టే అయ్యుంటుందనుకున్నా, దేవస్థానం వాళ్ళు వేలం వేసేది ఇలాగే దేశాలు తిరుగుతుంది కదా. దాన్ని చూస్తే అదోలా అనిపించింది, మూడేళ్ళప్పుడు నాది అక్కడే తీయించారు, దేవుడికిచ్చింది మళ్ళీ నెత్తిన పెట్టుకుంటామా అని. 2004లో ఈ జుట్టుకే, పెళ్ళయ్యాక ఆడవాళ్ళు తల కప్పుకోడానికి విగ్గులు పెట్టుకునే సంప్రదాయ యూదుల్లో పెద్ద గొడవైంది, అది విగ్రహానికి అర్పించినది కాబట్టి పెట్టుకోకూడదని మతపెద్దలు చెప్తే న్యూయార్క్ బ్రూక్లిన్లో ఆడవాళ్ళు వీధిలో మంటేసి విగ్గులు కాల్చేశారు, చాలామంది సింథటిక్‌కి మారారు. ఇదంతా ఫోన్లో అమ్మకి చెప్పి నీకేమనిపిస్తోంది, తప్పా అంటే, "ఆయనే వేలంలో అమ్ముకున్నాక నీకెందుకే బాధ, ఎనిమిది వందల యాభై అంటే మన డబ్బుల్లో ఎంతో అది చూసుకో" అంది. చూసుకున్నా. ఫోను పెట్టేశా.

నేను వారానికి రెండు రోజులు ఆఫీసుకి, ఎప్పుడైనా ఒక ఫంక్షను. రోజూ వాడితే నాలుగు నెలలొచ్చేది నాకు ఏడాది వస్తుందేమో, అవెన్ జోలికి వెళ్ళకపోతే. అసలు జుట్టుదానికి షాంపూలు, నూనెలు, మళ్ళీ సెట్టింగు, నాకున్న నాలుగు వెంట్రుకలకే చేయట్లేదు నేను. దీన్నైతే చల్లనీళ్ళలో బట్టల కంఫర్ట్ వేసి ముంచి ఆరేస్తే మళ్ళీ ఆ అలలు అలాగే వచ్చి కూర్చుంటాయి. ఇలాంటి విగ్గులకి వాడే కనెకలాన్ అంటే ఏదో అనుకున్నా, జపాన్లో కనెకా అనే కంపెనీ 1957 నుంచి చేస్తున్న దారం, స్వెట్టర్ల ఆక్రిలిక్‌కి చుట్టం. స్వెట్టరుని స్వెట్టరులా చూసుకుంటే చాలు. నాది కనెకలానో కాదో కవరు మీద అదీ లేదనుకోండి.

కానీ లేసు? లేసు విషయంలో మాత్రం ఏ సర్దుబాటూ లేదు. జుట్టు ప్లాస్టికైతే ఎవడూ పట్టించుకోడు, నుదుటి మీద గీత కనపడితే హాలు ఆ చివరి నుంచి పిలిచి మరీ చెప్తారు. ఆ ఇరవై డాలర్లు ఎక్కువ పెట్టాల్సింది వేడి కోసం కాదు, లేసు కోసం. ఇది మా పక్క సీటావిడ మూడు వారాల కింద చెప్పిన మాటే.

ఆవిడకి సాయంత్రం మెసేజ్ పెడితే ఓ అరగంట నవ్వి ఉంటుంది, అన్నీ నవ్వు బొమ్మలే పంపింది. కాలిన పాయలు వేడితో సాపు చేద్దామని చూడొద్దు, ఇంకా కరుగుతాయి, కత్తిరించి ముంగురుల్లా వదిలేయమంది, అప్పుడు లేసూ దాక్కుంటుంది. వంటింటి కత్తెరతో కత్తిరించా. ఒక ముక్క దీపానికి ఆనించి చూశా, ఊరికే. ఆవగింజంత ఉండ. టేబులు మీద నా పక్కనే ఉంది ఇప్పుడు.

లేసు తెల్లదనానికి కూడా చిట్కా చెప్పింది, టీ డికాషన్లో ముంచితే మన చర్మం రంగుకి వస్తుందట. గోరువెచ్చటి నీళ్ళలో, లేసు అంచు మాత్రమే, జుట్టు తగలకుండా పైకి క్లిప్పు పెట్టి, పావుగంట చాలు అంది. పడుకోబోయే ముందు మా ఆయన పెద్ద టీ కప్పులో పెట్టా.

పావుగంట. ఇది రాయడం మొదలుపెట్టి గంటన్నర అయింది. ఉండండి, చూసొస్తా.